అప్పలనర్సమ్మత్తకి చుట్ట అలవాటు లేదు

మా అప్పలనర్సమ్మత్తకి చుట్ట అలవాటు లేదు. ఈ మాట నాది కాదు, ఆవిడదే. నోట్లో చుట్ట పెట్టుకుని మరీ చెప్పేది. నలభై రెండేళ్ళుగా రోజుకి ఎనిమిది చుట్టలకి తగ్గకుండా కాలుస్తూ, ఆ నలభై రెండేళ్ళూ చెబుతూనే ఉంది.

"అలవాటున్నోల్ని సూడల్లుడా. పొగ గుప్పుగుప్పున ఒగ్గుతారు. నేనొగ్గుతున్నానేటి?"

నిజమే, వదలదు. ఎందుకంటే అత్తది అడ్డపొగ. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. మా వైపు ఆడవాళ్ళు చాలామంది చుట్ట వెలిగించి, ఆ వెలిగే కొసని నోట్లోకి తిప్పి పెట్టుకుని పెదాలు బిగిస్తారు. నిప్పు లోపల, పొగ లోపల, బూడిద కూడా లోపలే. చూసేవాళ్ళకి కనబడేది చల్లగా ఉన్న రెండో కొస ఒక్కటే. కొత్తగా చూసినవాళ్ళు హడలిపోతారు. మేం పుట్టినప్పట్నుంచీ చూస్తున్నాం కాబట్టి నిప్పు బయటికి పెట్టి కాల్చే మగవాళ్ళని చూస్తేనే మాకు వింతగా ఉండేది.

అత్త అనకాపల్లి గవరపాలెంలో మా వీధి మొదట్లో, ఇంటి అరుగు మీదే, దిబ్బరొట్టెలూ ఇడ్లీలూ వేసి అమ్మేది. బెల్లం మార్కెట్‌కి పనికి పోయే కళాసీలందరికీ టిఫిను అక్కడే. రొట్టె ముక్క పక్కన చిన్న బెల్లం ముక్క పెట్టి ఇచ్చేది. మాది పక్కిల్లు. మేం ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళం, ఆవిడ నూకాలమ్మ గుడికి వెళ్ళేది, బంధుత్వం ఏమీ లేదు. అయినా నేను అత్తా అనడం, ఆవిడ అల్లుడా అనడం నాకు మాటలొచ్చిన రోజునే మొదలైంది. నాకు పెళ్ళయి, కూతురు పుట్టి, పళ్ళ డాక్టరు దగ్గర అసిస్టెంటుగా కుదిరాక కూడా ఆవిడకి నేను అల్లుణ్ణే.

పిండి రుబ్బుతున్నా, రొట్టె తిప్పుతున్నా, నోట్లో చుట్ట ఉండాల్సిందే. నోరు మూసుకున్నంతసేపూ పొగ జాడ ఉండదు. తిట్టడానికి నోరు తెరిస్తే మాత్రం ముందు పొగ, దాని వెనకాల తిట్టు వచ్చేవి. ఆ కాస్త వ్యవధిలో మేం తప్పుకునేవాళ్ళం. ఇన్నేళ్ళలో ఆవిడ రొట్టెలో ఒక్క బూడిద నలుసు దొరికిందని అన్నవాడు లేడు. "మరి ఆ బూడిదంతా ఎక్కడికి పోతుందత్తా?" అని ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"కడుపులోకి. బూడిదెట్టి గిన్నెలు తోముతాం గదా? లోపల కూడా తోముతాది."

అలవాటు లేదని నిరూపించడానికి ఆవిడ అప్పుడప్పుడు చుట్ట మానేసేది కూడా. పొద్దున్న ఆరింటికి "ఇయ్యాల మానేసేను" అని వీధంతా వినబడేలా ప్రకటించేది. రెండో వాయి ఇడ్లీ దిగేసరికి నోట్లో చుట్ట ఉండేది.

"అదేటత్తా, మానేశావు కదా?"

"మానేసేను. మానగలనని తేలిపోనాది గదా, ఇంకా ఎంతసేపు మానాల?"

రెండువేల ఎనిమిది అక్టోబరులో, నలుగురూ తిరిగే చోట పొగ తాగితే జరిమానా అని రూలు వచ్చింది. ఆ వారంలోనే అత్తా నేనూ సబ్బవరం వెళ్ళడానికి బస్టాండులో నిలబడ్డాం. ఒక కుర్ర కానిస్టేబులు, ఉద్యోగంలో కొత్తనుకుంటాను, నేరుగా అత్త దగ్గరికే వచ్చాడు.

"ఏటమ్మా, నోట్లో అదేటి?"

"పుల్ల," అంది అత్త, పెదాలు కదపకుండా ముక్కుతో.

"చుట్ట కాదా?"

"సుట్టయితే నిప్పుండాల గదా బాబూ. ఏదీ, నిప్పు సూపించు."

అతను ముందు నుంచి చూశాడు, పక్క నుంచి చూశాడు, చివరికి టోపీ తీసి వంగుని కింద నుంచి చూశాడు. "ఏవండీ, ఇది వెలుగుతోందో లేదో ఎలా తెలుస్తుంది?" అని నన్నడిగాడు. నాకూ తెలీదండీ అన్నాను. నోరు తెరవమ్మా అంటే అత్త తల అడ్డంగా ఊపింది. ఇంతలో బస్సొచ్చింది. బస్సు కదిలి నాలుగు గజాలు వెళ్ళాక అత్త కిటికీలోంచి తల బయట పెట్టి, అప్పటిదాకా దాచుకున్న పొగంతా ఒక్కసారి వదిలింది. పాపం అతను లాఠీ ఊపుతూ చాలా దూరం పరిగెత్తాడు.

మా డాక్టరుగారి పేరు ఫెబా. విశాఖపట్నంలో చదువుకుని వచ్చి మా ఊళ్ళో పళ్ళ క్లినిక్కు పెట్టారు. వయసు చిన్నదే గాని మాట కచ్చితం. మొదటిసారి అత్త కొట్టుకి టిఫినుకొచ్చిన రోజునే ఇద్దరికీ వాదన పడింది.

"అమ్మా, పొగ మింగకపోయినా అలవాటు అవుతుంది. నోటి లోపలి పల్చటి చర్మం లోంచే నికోటిన్ రక్తంలోకి వెళ్ళిపోతుంది. సిగరెట్టులో కన్నా చుట్టలో అది చాలా ఎక్కువ. మళ్ళీ మళ్ళీ కావాలనిపించేలా చేసేది అదే."

"నికోటినెవులు తల్లీ?"

"ఎవరో కాదమ్మా, పొగాకులోనే ఉంటుంది."

"నలభై రెండేళ్ళ నుంచి ఈ నోట్లోనే గదా ఎట్టుకుంటన్నాను, ఒక్కనాడూ కనబడనేదు. ఏ ఊరు ఆవిడది?"

అప్పట్నుంచి అత్తకి నికోటిన్ ఒక మనిషైపోయింది. నేను క్లినిక్కుకి బయల్దేరుతుంటే "ఆ నికోటిన్ గాని కనబడితే నేనడిగేనని సెప్పల్లుడా" అనేది. డాక్టరుగారు మాత్రం నవ్వేవారు కాదు. "ఒక్కసారి మీ అత్తని తీసుకురా క్రాంతీ, నోరు చూస్తాను" అని వారానికోసారి అనేవారు. అత్త రాలేదు. వచ్చింది మరిడమ్మత్త.

మరిడమ్మత్త అత్తకి ఎదురిల్లు, పైగా వియ్యపురాలు. అత్త కొడుక్కి ఆవిడ కూతుర్నిచ్చారు. ఆ పిల్లలిద్దరూ తెలివైనవాళ్ళు, పెళ్ళయిన నెలకే గాజువాకకి మకాం మార్చేశారు. మరిడమ్మత్త పుట్టిల్లు మాడుగుల. పెళ్ళిలో మాడుగుల హల్వా వడ్డిస్తే అత్త ఒక్క ముక్క నోట్లో వేసుకుని "నెయ్యి సాలనేదు" అందిట. పంతొమ్మిదేళ్ళయింది, ఆ నెయ్యి గొడవ ఇంకా తేలలేదు. అత్త తలుపుకి ఆకుపచ్చ రంగు వేయిస్తే వారంలో ఎదుటి తలుపు నీలమయ్యేది. అత్త రోజుకి ఎనిమిది చుట్టలు కాలుస్తుందని తెలిసి మరిడమ్మత్త తొమ్మిది కాల్చేది. ఆవిడదీ అడ్డపొగే.

మరిడమ్మత్తకి ఓడిపోవడం చేతకాదు. పదకొండేళ్ళ కిందట అష్టాచెమ్మాలో అత్త చేతిలో ఓడిపోయి, గవ్వలన్నీ పట్టుకెళ్ళి కాలవలో పారేసింది. మళ్ళీ ఆ ఆట పేరెత్తలేదు. గెలిచిందా, ఆ గెలుపుని మాత్రం నెత్తిన పెట్టుకుని కాపాడుకుంటుంది. ఒక జాతరలో కొబ్బరికాయని ఒక్క దెబ్బకి పగలగొట్టిందట, అత్తకి మూడు దెబ్బలు పట్టాయట. అప్పట్నుంచి ఆ పేరు పోతుందేమోనని ప్రతి కాయనీ కొట్టుముందు నిలబడి అరగంట వాయించి గాని కొనదు.

రెండువేల తొమ్మిది జనవరి మధ్యలో మరిడమ్మత్త నోట్లో మంటని క్లినిక్కుకి వచ్చింది. డాక్టరుగారు లైటు వేసి చూశారు. అంగిట్లో తెల్లటి మచ్చ, మధ్యలో ఎర్రగా ఉంది. చిన్న ముక్క తీసి విశాఖపట్నం పంపించారు. రిపోర్టు వచ్చాక కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని చెప్పారు.

"ఇంకా కాన్సర్ కాలేదమ్మా. ఇవాళ చుట్ట మానేస్తే తగ్గిపోవచ్చు. మానకపోతే మాత్రం అదే అవుతుంది. ఎన్నాళ్ళకి అని నేను చెప్పలేను."

మరిడమ్మత్త కొంగుతో నోరు తుడుచుకుంది. "ముందు మా వియ్యపురాల్ని మానమను తల్లీ. ఆవిడ నా గుమ్మానికెదురుగా కూకుని కాల్సుకుంటంటే నేను సూత్తా ఊరుకోవాలా? సత్తే సత్తాను గాని ఆవిడ ముందర మానను."

సాయంత్రం అత్తకి సంగతి చెప్పాను. అత్త నోట్లోంచి చుట్ట తీసింది. మాట్లాడడానికి చుట్ట తీయడం నేను చూడటం అదే మొదటిసారి.

"కాన్సరా?"

"ఇంకా కాలేదు. మానకపోతే అవుతుందన్నారు."

అత్త కాసేపు ఆ చుట్ట కేసి చూసింది. తర్వాత దాన్ని మళ్ళీ నోట్లో పెట్టుకుని, రోడ్డు దాటి, మరిడమ్మత్త గుమ్మం ముందు నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

"ఒదినా! సుట్ట నాకు అలవాటు కాదు, రేపే మానేయగలను. నువ్వు మానలేవు! మీ మాడుగులోల్లకి ఆ గుండె నేదు!"

ఒళ్ళు మండిపోయింది నాకు. అవతల మనిషికి జబ్బని తెలిసి కూడా పోట్లాటకి దిగిందే అని ఆవిడ మొహం మీదే తిడదామనుకున్నాను. ఈలోగా లోపల్నుంచి మరిడమ్మత్త వచ్చేసింది.

"ఎవులికి నేదు గుండె? నువ్వు మానితే నేను మాననేటి? నువ్వు మూడు రోజులుండు సూద్దాం!"

పది నిమిషాల్లో పందెం ఖాయమైంది. ఎవరు ముందు నోట్లో చుట్ట పెడితే వాళ్ళు ఓడినట్టు. అత్త ఓడితే మరిడమ్మత్త గుమ్మం ముందు నిలబడి, వీధంతా వింటూండగా "సుట్ట నాకు అలవాటే" అని మూడుసార్లు అనాలి. మరిడమ్మత్త ఓడితే అత్త అరుగు మీద కూర్చుని రొట్టె తిని "నాకన్నా నువ్వే దిబ్బరొట్టె బాగా ఏత్తావొదినా" అని మూడుసార్లు అనాలి. రెండిటిలో ఏది పెద్ద శిక్షో వీధిలో ఎవరూ తేల్చలేకపోయారు. తనిఖీ ఉద్యోగం నాకు పడింది. రోజూ పొద్దున్న టార్చిలైటూ, నోరు చూసే చిన్న అద్దమూ పట్టుకుని ఇద్దరి నోళ్ళూ చూసి, వాసన చూసి, "ఈ రోజుకి సమానం" అని ప్రకటించాలి.

మొదటి వారం మా వీధి వీధి కాదు. రెండో రోజున అత్త చట్నీలో ఉప్పు మూడుసార్లు వేసింది. మూడో రోజున ఇడ్లీ మెత్తగా ఉందని మెచ్చుకున్న కళాసీ పరదేశిని "అంటే నిన్న గట్టిగా ఉన్నాదనా?" అని తరిమింది. చేతులు వణికేవి, తలనొప్పి, నిద్ర లేదు. నోరు ఖాళీగా ఉండలేక కనబడిందల్లా నోట్లో పెట్టేది. ములక్కాడ ముక్క, చీపురు పుల్ల, మా అమ్మాయి రంగు పెన్సిలు. తనిఖీకి వెళ్తే నా అద్దం కూడా కొరికి పట్టుకుని వదల్లేదు.

"ఇది నికోటిన్ కోసం ఒళ్ళు పీకడం అత్తా, మేడమ్ చెప్పారు. అలవాటు లేనివాళ్ళకి ఇలా ఉండదు."

"అలవాటూ నేదు, ఏటీ నేదు. గాలి మారింది."

"ఏ గాలి?"

"సముద్రం గాలి. ఇటు తిరిగింది."

ఇద్దరూ మానేశారని డాక్టరుగారికి చెబితే ఆవిడ నమ్మలేదు. "రెండు వారాలు దాటనీ చూద్దాం. ఆ తర్వాత ఒళ్ళు కాస్త సద్దుకుంటుంది, మనసే సద్దుకోదు" అన్నారు. సరిగ్గా అలాగే అయింది. మూడో వారానికి అత్త చేతులు వణకడం మానాయి. చట్నీ కుదిరింది. నెలయ్యేసరికి పరదేశి ధైర్యం చేసి మళ్ళీ టిఫినుకొచ్చాడు. ఎదురింట్లో మరిడమ్మత్త కూడా పళ్ళు బిగబట్టుకుని నెట్టుకొస్తోంది. మార్చి మధ్యలో డాక్టరుగారు చూసి, మచ్చ సగానికి తగ్గిందన్నారు. ఎర్రదనం పోయింది. నాకెంత సంతోషమేసిందంటే ఆ రోజు ఇద్దరు వియ్యపురాళ్ళకీ తనిఖీ లేకుండానే సమానం అని ప్రకటించేశాను.

ఉగాది ముందు రోజు, కొత్త అమావాస్యకి, మా నూకాలమ్మ జాతర. దానికి రెండు రోజులుందనగా మరిడమ్మత్త నన్ను గుమ్మంలోకి పిలిచింది.

"అల్లుడా, ఇంక నావల్ల కాదు. కొత్తమాస నాడు అమ్మోరి దర్శనం సేసుకొచ్చి, ఓ సుట్ట ముట్టించేత్తాను. ఓడిపోనానని ఆవిడ అరుగు మీదే సెప్పేత్తాను."

"మచ్చ ఇంకా సగం ఉందత్తా!"

"సగం తగ్గిందన్నారు గదా. సాల్లే. ఆవిడ మనిషి కాదు, రాయి. ఎలాగూ ఆవిడే గెలుత్తాది. ఓడిపోయీదాన్ని ఎందుకు మాడాల?"

ఎంత చెప్పినా వినలేదు. డాక్టరుగారు స్వయంగా ఇంటికొచ్చి చెబితే తల ఊపింది గాని వినలేదని మాకిద్దరికీ తెలుసు. ఆ సాయంత్రం అత్త మర్నాటికి పప్పు నానబోస్తుంటే వెళ్ళి, విసుగ్గానే చెప్పాను.

"ఇంకేం, కొత్తమాసకి గెలిచేస్తున్నావు. ఎదురింటావిడ చుట్ట ముట్టించేస్తానంటోంది."

ఎగిరి గంతేస్తుందనుకున్నాను. అత్త చెయ్యి పప్పులోనే ఆగిపోయింది.

"ఎప్పుడన్నాది?"

"దర్శనం చేసుకొచ్చాక."

"ఊఁ," అంది. నేను లేచి వెళ్ళబోతుంటే "మీ పెరట్లో ఎండిపోయిన అరిటాకులున్నాయేటి అల్లుడా? ఓ నాలుగు ఇలా పడీ" అంది. పొయ్యిలోకి కాబోలనుకుని ఇచ్చాను.

కొత్త అమావాస్య నాడు గవరపాలెంలో ఇసుక వేస్తే రాలదు. మా వీధంతా గుడికి వెళ్ళే జనం, వచ్చే జనం. తొమ్మిది గంటలవేళ మరిడమ్మత్త మొహం నిండా పసుపూ కుంకుమతో, ఒక్క దెబ్బకి పగిలిన కొబ్బరి చిప్పలు చేతిలో పట్టుకుని గుడి నుంచి వచ్చింది. వచ్చి తన గుమ్మం ముందు ఆగిపోయింది. ఆ గుమ్మం మెట్టు మీద, దర్జాగా కాళ్ళు బారజాపుకుని, కళ్ళు మూసుకుని మా అత్త కూర్చుని ఉంది. నోట్లో చుట్ట.

"దొరికిపోనావొదినా!"

ఆ కేక గుడి దాకా వినబడిందని తర్వాత చాలామంది చెప్పారు. కొబ్బరి చిప్పలు అటొకటి ఇటొకటి దొర్లాయి. జనం మూగారు. అత్త ఉలిక్కిపడి లేచి, చుట్ట గబుక్కున నోట్లోంచి తీసి కొంగున ముడేసుకుంది. అప్పటికే చూడాల్సినవాళ్ళందరూ చూసేశారు. మరిడమ్మత్త రెండు చేతులూ పైకెత్తి నన్ను పిలిచింది.

"అల్లుడా, తీర్పు సెప్పు!"

"మరిడమ్మత్త గెలిచింది," అన్నాను.

అత్త తల వంచుకుని నిలబడి "సుట్ట నాకు అలవాటే" అంది. వినబడనేదు అని మరిడమ్మత్త అంది. రెండోసారి కాస్త గట్టిగా అంది. మూడోసారి తలెత్తి, చేతులు జోడించి, జాతర జనమంతా వినేలా అరిచింది. పరదేశి ఈల వేశాడు. జనం పకపకా నవ్వారు. నలభై రెండేళ్ళు వీధిలో తలెత్తుకుని చెప్పిన మాట అలా పోయింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. యాభై ఎనిమిది రోజులు నోట్లో అద్దం పెట్టి చూసినవాణ్ణి, ఇంకొక్క పూట ఓర్చుకుంటే గెలిచేది కదా అని నాకు ఏడుపొచ్చినంత పనైంది.

మర్నాడు మరిడమ్మత్త మాడుగుల నుంచి హల్వా తెప్పించి వీధంతా పంచింది. మొదటి పొట్లం అత్తకే ఇచ్చింది. అత్త తిని, "నెయ్యి సరిపోనాదొదినా" అంది. పంతొమ్మిదేళ్ళ తర్వాత ఆ గొడవ అలా తేలింది.

అక్కణ్ణుంచి మరిడమ్మత్తని పట్టడం మా తరం కాలేదు. పిలవకపోయినా క్లినిక్కుకి వచ్చి, పేషెంట్ల మధ్య కూర్చుని "నేను మానేను, నువ్వు మాననేవేటి?" అని అందర్నీ నిలదీసేది. చుట్ట ముట్టుకుంటే గెలిచిన పేరు పోదూ మరి. డాక్టరుగారు ఏడాదిపాటు చెప్పినా మాననివాళ్ళు ఇద్దరు ఆవిడ దెబ్బకి మానేశారు. మే నెలలో చూస్తే అంగిట్లో మచ్చ జాడ లేదు.

అత్త మాత్రం మళ్ళీ పొద్దస్తమానం నోట్లో చుట్టతోనే కనబడేది. దారినపోయే ప్రతివాడూ "అలవాటు కాదన్నావు కదా మామ్మా" అని ఓ రాయి వేసి పోయేవాడు. అత్త చిరునవ్వు నవ్వేది. "చూశావా క్రాంతీ, రెండు నెలలు మాని కూడా వెనక్కి లాక్కుపోయింది. నికోటిన్ అంత గట్టిది" అని డాక్టరుగారు బాధపడ్డారు. నోరు చూపించమంటే అత్త "నా నోరు నా ఇట్టం" అని దవడలు బిగించేది. నాకు కోపమొచ్చి మూడు వారాలు ఇంట్లో ఉప్మా తిన్నాను. అంతకన్నా పెద్ద కోపం నాకు రాదు. తర్వాత మళ్ళీ వెళ్ళడం మొదలెట్టాను గాని ఆవిడతో సరిగ్గా మాట్లాడేవాణ్ణి కాదు.

జూన్‌లో మొదటి వాన పడిన మర్నాడు పొద్దున్న రొట్టె కోసం అరుగు మీద కూర్చున్నాను. గోడ వారగా చీమలు బారు కట్టి పోతున్నాయి. అత్త బెల్లం డబ్బాని నీళ్ళ పళ్ళెంలో పెడుతుంది కాబట్టి దాని జోలికి పోలేవు. మరి ఎక్కడికబ్బా అని చూస్తే, బారు బారంతా గూట్లో ఉన్న పాత బిస్కెట్ల డబ్బాలోకి పోతోంది. అది అత్త చుట్టల డబ్బా.

పొగాకుకి చీమలు పట్టడం నేను పుట్టి ఎరగను. మూత తీశాను. ఆరు చుట్టలు వరసగా ఉన్నాయి, వాటి నిండా చీమలు. ఒకటి తీసి దులిపి విప్పాను. పొగాకు కాదది, ఎండిన అరిటాకు. పొర మీద పొర చుట్టి దారంతో కట్టింది. నడిమధ్యలో చింతపిక్కంత బెల్లం ముక్క ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. జాతర నాడు అత్త చుట్ట తీసి కొంగున ముడేసుకుంది. నిప్పున్న చుట్ట ముడేస్తే చీర కాలిపోవద్దూ? అది మేం నాలుగు వందలమందిమి కళ్ళారా చూశాం. ఒక్కడికీ తట్టలేదు.

"ఎట్టీ అక్కడ," అంది వెనక నుంచి అత్త.

"ఎన్నాళ్ళయిందత్తా ఇది?"

"నువ్వు టార్చిలైటట్టుకుని వచ్చినాడే ఆకరు. తరవాత మరి ముట్టుకోనేదు."

"మరి ఆ రోజు ఓడిపోవడం ఏమిటి? నువ్వే గెలిచేదానివి కదా!"

అత్త పెనం దించి నా పక్కన కూర్చుంది. గొంతు తగ్గించి, ఎదుటి గుమ్మం మీద ఓ కన్నేసి చెప్పింది.

"నేను గెలిత్తే మా ఒదినకేటొత్తాది? ఓడిపోనాను గదాని ఆ పూటే తొమ్మిది ముట్టిత్తాది. అది ఓడిపోతే ఒగ్గేత్తాది, గెలిత్తే సచ్చీదాకా ఒగ్గదు. కొబ్బరికాయ సంగతి సూడనేదేటి? దానికి గెలుపు కావాల, ఇచ్చేను. నా అరిటాకు నాకున్నాది."

నా కళ్ళు తడిశాయి. దాచుకోవడానికి గట్టిగా అన్నాను. "అయితే నీ మాటే నిజమైంది కదా. నీకు చుట్ట అలవాటు కాదు. వీధిలో అందరికీ చెప్పేద్దాం."

"అలవాటు కాకపోవడమేటి?" అంది అత్త. "ఒళ్ళంతా పీకేసింది. ఇప్పటికీ పరదేశి జేబులో సుట్ట కనబడితే నోరు ఊరుతాది. నోరు ఖాళీగా ఉంటే ఏటో పోనట్టుంటాది, అందుకే గదా ఈ అరిటాకు. ఆ డాకటరు గుంట సెప్పిందే నిజం. సుట్ట నాకు అలవాటేనని ఆ గుమ్మం ముందు మూడుసార్లు అన్నాను గదా, అబద్ధమనుకున్నావేటి? ఆ రోజు నేనాడింది నిజమే. అబద్ధమాడింది సుట్ట."

ఎదురుగా నీలం తలుపు చప్పుడైంది. అత్త ఠక్కున ఒక అరిటాకు చుట్ట దులిపి నోట్లో పెట్టుకుంది. మరిడమ్మత్త చీపురు పట్టుకుని బయటికొచ్చింది.

"పొద్దున్నే ఎట్టేసేవా ఒదినా? సిగ్గు నేదా? నన్ను సూసి నేర్సుకో, ఇయ్యాల్టికి నూట నలభై రోజులు!"

"అందరికీ నీలాగ గుండె ఉండొద్దేటొదినా!" అంది అత్త దిగులుగా మొహం పెట్టి.

మరిడమ్మత్త మొహం వెలిగిపోయింది. వాకిలి ఊడవాల్సిందానికి రెట్టింపు ఊడ్చింది. ఇది చదివినవాళ్ళు ఎప్పుడైనా మా గవరపాలెం వస్తే ఆవిడ దగ్గర నోరు జారకండి, మీకు పుణ్యముంటుంది.

"నీకు నోరాగదు, ఎవులికో ఒకలికి సెప్పేత్తావు," అని అత్త ఇంకో అరిటాకు చుట్ట నా నోట్లో కుక్కింది. "ఎట్టుకో. నోట్లో ఏదో ఒకటుంటే మాట బయటికి రాదు."

బెల్లం బాగుంది. అనకాపల్లి బెల్లం కదా, కొత్త రకమేమో, మెల్లగా కరుగుతోంది. నేను కాళ్ళు బారజాపుకుని, కళ్ళు సగం మూసుకుని ఆస్వాదిస్తూండగా అరుగు ముందు స్కూటీ బ్రేకు కీచుమంది. టిఫిను పార్సెలు కోసం మా డాక్టరుగారు.

"క్రాంతీ! నోట్లో ఏమిటది? నువ్వు కూడానా?"

అత్త నా వైపు చూసింది. ఎదురింటి వాకిట్లో మరిడమ్మత్త చీపురు ఆపి, చెవులు రిక్కించి నిలబడింది. చెప్పడానికి నా దగ్గర ఒక్కటే మాట మిగిలింది.

"నాకు చుట్ట అలవాటు లేదు మేడమ్," అన్నాను, నోట్లో చుట్ట పెట్టుకుని.